శిక్ష వేసే ముందు అడిగే ఆ ప్రశ్నకు కాస్త టైమ్ ఇప్పించండి

ఉమ్మడి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల న్యాయ సేవాధికార సంస్థల పెద్దలకు, ఆ సంస్థల తరఫున పేద ముద్దాయిలకు ఉచితంగా వాదించే డిఫెన్స్ కౌన్సెల్ లాయర్లకు

నమస్కారం.

నేను నాటకాల మనిషిని. విజయనగరంలో ఉంటాను. నాటక పరిషత్తు పోటీలకు నాటికలు ఆడతాను, ఆడిస్తాను. సీజన్ లేనప్పుడు స్కూళ్లలో పిల్లలకు నేర్పుతాను. దాంతోపాటు కొన్నేళ్లుగా ఇంకో పని కూడా చేస్తున్నాను. నేరం రుజువైన ముద్దాయిలు శిక్ష గురించి జడ్జిగారి ముందు తమ మాట తాము చెప్పుకునేలా వాళ్లని సిద్ధం చేయడం. లాయరు పిలిస్తేనే వెళ్తాను, లాయరుతోనే వెళ్తాను. ఈ పనికి పేరు లేదు, జీతం లేదు. "ఖైదీలకు యాక్టింగ్ నేర్పుతున్నాడట" అని మా నాటక సమాజంలో ఒక జోకు మాత్రం ఉంది.

ఆ జోకు సంగతి తర్వాత చెప్తాను. ఇప్పుడు రాస్తున్నది మీ చేతిలో ఉన్న ఒక పని గురించి అడగడానికి.

సెషన్స్ కేసులో నేరం రుజువైందని చెప్పాక, శిక్ష వేసే ముందు ముద్దాయి మాట వినాలని చట్టంలో ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ, 1973)లో అది 235(2)వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 258(2). మేజిస్ట్రేటు కోర్టుల్లో నడిచే వారంటు కేసులకు, అంటే రెండేళ్లకు మించి శిక్ష పడగల నేరాలకు, 271(2). 1973 నాటి ఆ సీఆర్‌పీసీకి ముందు ఇలా విడిగా వినడమన్నదే లేదు. 1976లో సంతా సింగ్ కేసులో, శిక్ష గురించి ముద్దాయిని అడగలేదన్న కారణంతోనే సుప్రీంకోర్టు ఉరిశిక్షను పక్కనపెట్టి కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. వినడమంటే నోటిమాట ఒక్కటే కాదు, కాగితాలూ సాక్ష్యాలూ పెట్టుకోనివ్వడం కూడా అని ఆ తీర్పులోనే ఉంది. 1981లో మునియప్పన్ కేసులో ఇంకా సూటిగా చెప్పారు. లాంఛనంగా ఒక ప్రశ్న అడిగేసినంత మాత్రాన జడ్జి బాధ్యత తీరదు, నిజంగా పూనుకుని ముద్దాయి నుంచి సంగతులు రాబట్టాలి. 1989లో అల్లావుద్దీన్ మియాన్ కేసు వచ్చేసరికి, నేరం తేల్చిన రోజున కాకుండా శిక్షకు వేరే వాయిదా ఇవ్వడం మామూలు పద్ధతి కావాలన్నారు.

ఇవన్నీ మీకు నాకన్నా బాగా తెలుసు. బోనులో నిలబడ్డవాడికి తెలీదు. "నీ మీద నేరం రుజువైంది, శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా" అని అడుగుతారు. మొదటి ముక్క దగ్గరే అతని చెవులు మూసుకుపోతాయి, రెండోది వినపడదు. వెనకాల ఎస్కార్టు కానిస్టేబులు "సెప్పరా, సెప్పు" అంటాడు. పక్కనుంచి లాయరు అందిస్తాడు. అతను అదే అప్పజెప్తాడు: పేదవాణ్ణి, పెళ్లాం పిల్లలున్నారు, ముసలి తల్లిదండ్రులున్నారు, దయ చూపండి. నేను చదివిన తీర్పుల్లో చాలావాటిలో శిక్ష పేరా తీస్తే ఇవే మాటలు, ఇదే వరస. ఒక కోర్టులో, ఏ ఊరిదో చెప్పను, పెళ్లికాని కుర్రాడి చేత కూడా పెళ్లాం పిల్లలున్నారని అనిపించారు. జడ్జిగారు ఫైల్లోంచి తలెత్తి "నీకు పెళ్లెప్పుడైందయ్యా" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే శిక్ష కూడా పడిపోయింది.

ఇందులో జడ్జిగారిని తప్పుపట్టడానికేం లేదు. ఆయన ముందున్న కట్టలో ఎఫ్ఐఆర్ నుంచి వాదనల దాకా అంతా ఆ ఒక్క రోజు గురించే. ఆ మనిషి బతికిన మిగతా రోజుల గురించి ఒక్క కాగితం లేదు. ఉంటే చూడననే జడ్జిని నేనైతే చూడలేదు.

ఉద్దానం నుంచి వచ్చిన ముద్దాయి ఉన్నాడనుకోండి. "మా నాన్నకు ఒంట్లో బాగోదు" అంటాడు. అందరూ అనేదే. అదే తండ్రి డయాలసిస్ పుస్తకం కోర్టు ముందు పెడితే, వారానికి ఎన్ని రోజులు ఆసుపత్రికి వెళ్తున్నాడో, ఎప్పటినుంచి వెళ్తున్నాడో, పక్కన సంతకం పెట్టిన కొడుకు ఎవరో అన్నీ అందులోనే ఉంటాయి. ఆ పుస్తకం ఇంట్లో గూట్లో ఉంటుంది. కవిటి నుంచో కంచిలి నుంచో దాన్ని తెచ్చేవాళ్లుండరు. లాయరుకి వంద కేసులు. ఇంటివాళ్లకి అది కోర్టులో పనికొస్తుందని తెలీదు.

దగ్గరగా చూసిన ఒక కేసు చెప్తాను. పేరూ ఊరూ చెప్పకూడదు. కొండ నుంచి దిగిన సవర కుర్రాడు. గంజాయి రవాణా. దొరికింది ఒక కిలోకి ఎక్కువ, ఇరవై కిలోలకి తక్కువ. మత్తుపదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టంలో ఇరవై కిలోలు దాటిందంటే కనీసం పదేళ్లు, అక్కడ జడ్జిగారు మాత్రం ఏం చేస్తారు? మధ్యస్థంగా ఉన్నదానికి పదేళ్ల దాకా అని పైహద్దే ఉంది, కింది హద్దు లేదు. ఆర్నెల్లూ వెయ్యొచ్చు, తొమ్మిదేళ్లూ వెయ్యొచ్చు. పద్దెనిమిది దాటినవాడికి ఈ కేసుల్లో ప్రొబేషన్ తలుపు, అంటే జైలుకి పంపకుండా మంచి నడవడి షరతు మీద వదిలేసే దారి, ఆ చట్టంలోని 33వ సెక్షన్ మూసేసింది. అంటే అతనికి మిగిలిందల్లా శిక్ష గురించి చెప్పుకునే ఆ పూట ఒక్కటే.

జైల్లో మొదటిసారి కలిసినప్పుడు నేల చూపులు చూస్తూ "తెలవదండి" తప్ప మాట లేదు. నేను కేసు గురించి అడగలేదు. ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయని అడిగాను. కోళ్ల నుంచి జీడితోట, జీడితోట నుంచి పోడు, అక్కడినుంచి తొమ్మిదో తరగతిలో వదిలేసిన ఆశ్రమ పాఠశాల, ఆ తర్వాత చెన్నైలో బిల్డింగు పని. సగం తెలుగు, సగం సవర. సవర వచ్చిన ఒక టీచరుగారిని లాయరమ్మగారు తోడు తెచ్చారు కాబట్టి సరిపోయింది. టీచరుగారు కూర్చున్నాక ఆ కుర్రాడి గొంతే మారిపోయింది. అప్పటిదాకా నత్తి అనుకున్నది నత్తి కాదు, తెలుగులో మాట వెతుక్కోవడం.

తర్వాత కాగితాల వేట. స్టడీ సర్టిఫికెట్టు. చెల్లెలి కాలేజీ ఫీజు రసీదు, సగం కట్టినది. బయటికొస్తే పనిలో పెట్టుకుంటానని మేనమామ వేలిముద్ర వేసి ఇచ్చిన కాగితం. జైల్లో వంటశాలలో పనిచేశాడని, గొడవలేవీ లేవని అధికారుల దగ్గర తీసుకున్న రిపోర్టు. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష కేసులకు ఇలాంటివన్నీ తెప్పించి చూడాలని చెప్పింది. చిన్న కేసుల్లో వద్దని ఎక్కడా చెప్పలేదు కదా.

వాయిదా రోజున ఆ కుర్రాడు మాట్లాడింది నిమిషంన్నర ఉంటుందేమో. "కూలి దొరకలేదు బాబూ. ఐదేలిస్తామన్నారు. మా సెల్లి ఫీజు కట్టాల. తప్పని తెలిసే పట్టుకెల్లాను. మా మావ పనిస్తానని కాయితం ఇచ్చాడు, ఊరొదిలి ఎల్లను." అంతే. శిక్ష పడింది. ఎంత పడిందన్నది ఇక్కడ అనవసరం. తీర్పులో శిక్ష పేరా మాత్రం పేజీ దాటింది. అందులో ఆ కుర్రాడు, వాళ్ల చెల్లి, మేనమామ అందరూ ఉన్నారు. పెళ్లాం పిల్లలు లేరు.

ఇప్పుడు ఆ యాక్టింగ్ జోకు సంగతి. అందులో అనుమానం న్యాయమైనదే. నటుడు వెళ్లి ముద్దాయిని తయారుచేస్తే, రేపు మంచి నటుడైన దొంగకి తక్కువ శిక్ష, నోరులేని దొంగకి ఎక్కువ శిక్ష పడదా? ఒక సీనియర్ వకీలుగారు నన్ను ఎదురుగానే అడిగారు. అందుకే నేనేం చేస్తానో విడమరిచి చెప్తాను.

రాసివ్వను. ఒక్క ముక్క కూడా రాసివ్వను, బట్టీ పట్టనివ్వను. బట్టీ పట్టినవాడు బోనులో మొదటి మాట మరిచిపోతే మొత్తం పోతుంది. అదీగాక బట్టీ మాట ఎదుటివాడికి ఇట్టే తెలిసిపోతుంది. ముప్పై ఏళ్లుగా పరిషత్తు జడ్జీల ముందు నిలబడుతున్న మాకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. జరిగింది నాకు ఒకసారి చెప్పమంటాను. లాయరుగారికి ఇంకోసారి. తనకి గిట్టనివాడెవడో ఎదురుగా కూర్చున్నాడనుకుని మరోసారి. మూడుసార్లలో మాటలు మారినా సంగతి మారకపోతే అది నిజం. మారితే, ఎక్కడ మారిందో అక్కడ కూర్చుని మాట్లాడుకుంటాం. నేను చేసే రిహార్సల్ అంతవరకే.

మిగతావన్నీ చిన్న చిన్నవి. కోర్టు హాల్లో ఫ్యాను చప్పుడు ఎక్కువ, గొంతు పెంచకపోతే వినపడదు. పక్కన స్టెనోగారు టైపు చేస్తుంటారు, ఒక మాట అయ్యాక ఆగాలి, ఆగకపోతే సగం రికార్డుకి ఎక్కదు. చేతులు కట్టుకుని మరీ వంగిపోతే మాట పొట్టలోనే ఉండిపోతుంది. ఏడుపొస్తే ఆగు, నీళ్లడుగు. రాకపోతే తెచ్చుకోకు. ఈ చివరిది చెప్పడానికి ఎక్కువ టైమ్ పడుతుంది, ఎందుకంటే బయట అందరూ దానికి తలకిందులుగా చెప్పి పంపిస్తారు.

ఇంకో గీత కూడా ఉంది. దాన్ని దాటకుండా ఉండటానికే లాయరు పక్కన లేకుండా నేను అడుగుపెట్టను. నేరం చేయలేదనే ముద్దాయి అప్పీలుకి వెళ్లాలనుకుంటాడు. శిక్ష పూట "తప్పైపోయింది" అన్నాడంటే పైకోర్టులో ఆ మాటే అతని మెడకి చుట్టుకోవచ్చు. అలాంటివాళ్లు తమ బతుకు గురించి చెప్పొచ్చు, నేరం జోలికి పోకూడదు. ఏది చెప్పాలో తేల్చేది లాయరు, ఎలా వినపడాలో చూసేది నేను. ఈ రెండూ కలిసిపోతే నష్టపోయేది ముద్దాయే.

మరి దెబ్బతిన్నవాళ్ల సంగతేంటని కూడా అడుగుతారు, అడగాలి. నేను కలిసినవాళ్లలో ఒకాయన తన వల్ల కాలు పోయిన మనిషి పేరు మూడు ములాఖత్‌ల దాకా ఎత్తలేదు. "ఆయన" అని కూడా అనలేదు, "ఆ కేసు" అనేవాడు. పేరు ఎత్తిన రోజున అతను మాట్లాడింది పూర్తిగా వేరుగా ఉంది. తన పొలంలో కొంత అమ్మి డబ్బు కడతానని మొదటిసారి అన్నది కూడా ఆరోజే. ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 5వ సెక్షన్ కింద, విడుదల చేస్తూనే బాధితుడికి పరిహారం ఇప్పించే వీలు కోర్టుకి ఉంది. ముద్దాయి నోరు తెరవకపోతే ఆ దారి ఎవరికీ గుర్తుకు రాదు.

ఆ 1958 చట్టం గురించే ఇంకో మాట. ఇరవై ఒకటి నిండని ముద్దాయికి, యావజ్జీవం పడే నేరం కాకపోతే, జైలు శిక్ష వేసే ముందు ప్రొబేషన్ అధికారి రిపోర్టు తెప్పించి చూడాలని 6వ సెక్షన్. ఆ రిపోర్టు గోప్యమే, అయితే అందులోని సారాంశం ముద్దాయికి చెప్పి, అతని సాక్ష్యం ఇచ్చుకోనివ్వొచ్చని 7వ సెక్షన్ అంటుంది. ప్రొబేషన్ ఇవ్వగలిగిన చోట ఇవ్వకపోతే కారణాలు రాయాలని నాగరిక సురక్షా సంహితలో 402 ఉంది. డిఫెన్స్ లాయర్లు ఈ మూడూ ప్రతి కుర్రాడి కేసులోనూ గట్టిగా అడగాలని నా విన్నపం. అడిగితే పోయేదేముంది?

అమెరికాలో ఈ పని ఒక వృత్తే. అక్కడ ఫెడరల్ కేసుల్లో నూటికి తొంభైకి పైగా నేరం ఒప్పుకోవడంతోనే తేలిపోతాయి, కాబట్టి అసలు పోరాటమంతా శిక్ష దగ్గరే. జడ్జి ముద్దాయినే తిన్నగా, మాట్లాడతావా అని అడగాలని వాళ్ల రూలు. ఉరిశిక్ష పడే కేసుల్లో ముద్దాయి జీవితాన్ని వెతికి రాసే మనిషి ఒకరు డిఫెన్స్ టీములో ఉండాలని అక్కడి బార్ అసోసియేషన్ 2003లో మార్గదర్శకాలు పెట్టింది. మనకి అంత డబ్బు లేదు, అంతమంది లేరు. అయినా న్యాయ సేవాధికార సంస్థల తరఫున జనానికి సాయపడే పారాలీగల్ వాలంటీర్లు మనకున్నారు. కొత్తగా పోస్టులు సృష్టించక్కర్లేదు.

నేను అడిగేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది టైమ్. వాదనలు ముగిశాక ముప్పై రోజుల్లో తీర్పు చెప్పాలని, కారణాలుంటే నలభై ఐదు దాకా పొడిగించొచ్చని నాగరిక సురక్షా సంహిత 258(1) చెబుతోంది. ఆ నెల రోజులూ ఇప్పుడు ఖాళీగా పోతున్నాయి. ముద్దాయి జైల్లో టెన్షన్‌తో గోళ్లు కొరుక్కుంటుంటాడు, లాయరు ఇంకో కేసులో ఉంటాడు. ఊరికి ఒక మనిషిని పంపి కాగితాలు తెప్పించుకోవడానికి ఆ నెల చాలు. చిక్కల్లా ఒకటే. తీర్పు రాకముందే శిక్ష గురించి మాట్లాడితే ఇంటివాళ్లు హడలిపోతారు. "అంటే కేసు పోయినట్టేనా బాబూ" అని లాయరు కాళ్లు పట్టుకుంటారు. ముద్దాయికి కూడా తన లాయరు చేతులెత్తేశాడనే అనిపిస్తుంది. అందుకే ఈ మాట వాదనల చివర్లో కాకుండా కేసు తీసుకున్న రోజునే చెప్పేయాలి. "కేసు గెలవడానికే చూస్తాం. ఏదెలా పోయినా మీ ఇంటి కాగితాలు మాకు కావాలి" అని వకాలతు మీద సంతకం పెట్టించుకున్న పూటే చెప్తే ఎవరూ బెదరరు. ఆ రోజు అడిగితే అది రేషన్ కార్డు జిరాక్సు అడిగినట్టే ఉంటుంది. తీర్పు తర్వాత మాత్రం శిక్షకు వేరే వాయిదా లాయర్లు అడగాలి, రాతపూర్వకంగా అడగాలి.

రెండోది మనుషులు. ప్రతి కోర్టు పరిధిలో ఇద్దరు ముగ్గురు వాలంటీర్లను ఈ ఒక్క పనికే పెట్టండి. నాటకాలవాళ్లు, బుర్రకథలు చెప్పేవాళ్లు, రిటైరైన టీచర్లు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చదివి ఇళ్ల దగ్గరున్న కుర్రాళ్లు, వీళ్లలోంచి ఏరుకోండి. సవర, కువి మాట్లాడేవాళ్లు తప్పనిసరిగా ఉండాలి. కొండ మీది ముద్దాయి తన భాషలో చెప్పుకుంటానంటే అడ్డు లేదని అతనికి ముందే తెలియాలి.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చిన్న దొంగతనాలకు సమాజ సేవ కూడా శిక్షగా వచ్చింది. ఐదు వేల లోపు సొత్తు, మొదటి నేరం, సొత్తు తిరిగి ఇచ్చేస్తే అదే శిక్ష. ఏ పని చేయగలడో ముద్దాయినే అడిగితే ఉపయోగంగా ఉంటుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఇంకా అనుభవం రాలేదు.

చివరగా మా నాటకాలవాళ్లకు రెండు మాటలు, మీ ఎదురుగానే. ఈ ఊళ్లో నాటకానికీ కోర్టుకీ పాత చుట్టరికమే. 1892లో ఇక్కడ మొదటిసారి ఆడిన గురజాడవారి నాటకంలోనే కేసులున్నాయి, వకీళ్లున్నారు. ఈ పని చేస్తూ మన వేషాలు వదులుకోనక్కర్లేదు. కోర్టులు పగలు, రిహార్సళ్లు సాయంత్రం. వాయిదా, పోటీ ఒకే రోజు పడితే మాత్రం వాయిదాకే వెళ్లాలి. అలా వెళ్లలేనివాళ్లు ముందే చెప్పేయడం మర్యాద. ఇంకోటి, జైల్లో విన్నది జైల్లోనే. నేను నాటికలు రాస్తాను. విన్నవాటిలో ఎన్నో కథలు స్టేజీ మీద పెడితే పరిషత్తులో ప్రైజు ఖాయం. ఒక్కటీ పెట్టలేదు, పెట్టను. వాలంటీరుగా చేర్చుకునే ప్రతి కళాకారుడి చేతా ఈ మాట రాయించుకుని సంతకం పెట్టించమని మిమ్మల్ని కూడా కోరుతున్నాను. అది లేకుండా ముద్దాయి నోరు విప్పడు, విప్పకూడదు కూడా.

మొదట ఒక్క కోర్టులో మొదలుపెట్టి చూడండి. డిఫెన్స్ కౌన్సెల్ లాయర్లు, వాలంటీర్లు కలిసి కూర్చోవడానికి ఒక గది, ఒక శనివారం ఇప్పించండి. నేర్పడానికి మేం డబ్బు తీసుకోం. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఎప్పుడు పిలిచినా వస్తాం, ఆరు దాటితే రిహార్సల్ ఉంటుంది.

ఇట్లు
ఒక రంగస్థల కళాకారుడు
విజయనగరం